ప్రమాదము – ఉపగ్రహము: సముద్రజీవుల రక్షణలో శ్రావక ధర్మము



సంవత్సరి ప్రతిక్రమణమునాడు శ్రావకుడు ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను తలచి క్షమాపణ కోరును. పృథ్వీకాయము ఏడు లక్షలు, అప్కాయము ఏడు లక్షలు అని వరుసగా చెప్పుకొనుచు వచ్చి, తిర్యంచ పంచేంద్రియములు నాలుగు లక్షలు అనుచోటికి చేరును. నీటిలో తిరుగు జలచరములు, ఆకాశమున తిరుగు ఖేచరములు ఆ నాలుగు లక్షలలోనివే. తాబేలు, తిమింగిలము, సముద్రపు ఆవు, గూడబాతు, పేరైనను తెలియని దూరదేశపు పక్షి, అన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆ మాట నోటితో పలుకుటకు క్షణము చాలును. దానిని నడతలో నిలుపుకొనుటకు ఏమి చేయవలెనన్నదే ఇచట విచారింపవలసిన విషయము.

మంసాపురములో నిలబడి చూచినవారికి పడమట కొండలు కనబడును గాని సముద్రము కనబడదు. రాజపాళయమునకు శ్రీవిల్లిపుత్తూరునకు నడుమనున్న ఈ ఊరి బ్రతుకు కొండవాన మీద, చెరువునీటి మీద, పంట మీద, అంగడి మీద నడచుచు వచ్చినది. ఇచటి వర్తకునికి సముద్రముతో ఏమి పని అని ఎవరైన అడిగిన అందులో వింత లేదు. కాని ఆ ప్రశ్నను అంగడిలోని సరుకునే అడిగిన అది వేరు సమాధానము చెప్పును. రాజపాళయపు నూలు మిల్లులకు పరదేశపు పత్తి ఓడ మీదనే వచ్చును. నూలు, గుడ్డ పైదేశములకు ఓడ మీదనే పోవును. దగ్గరి రేవు తూత్తుకుడి. ఓడ నడచుటకు కావలసినది చిక్కని నల్లని ఇంధన నూనె.

ఆ తూత్తుకుడి మొదలు రామేశ్వరము వైపు వ్యాపించిన మన్నార్ సింధుశాఖలో 21 దీవులతో కూడిన సముద్ర జాతీయవనము 1986లో ఏర్పడినది. దానికి ఉత్తరమున, పాక్ అఖాతములో, 448 చదరపు కిలోమీటర్ల మేర సముద్రపు ఆవుల కొరకు రక్షిత ప్రాంతమును తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రకటించినది. సముద్రపు ఆవు నీటి అడుగున గడ్డి మేసి బ్రతుకు సాధుజంతువు. అనగా శ్రావకుని దుకాణమునకు సరుకు తెచ్చు ఓడ, ఈ మూగజీవి మేయు బీటి ప్రక్కగా నడచుచున్నది. చేయుట, చేయించుట, చేయుచున్నదానికి ఆమోదించుట అని పాపమునకు మూడు ద్వారములు శాస్త్రములో చెప్పబడినవి. ఓడను నడిపినవాడు ఒకడు కావచ్చును. ఓడ నడచినది ఎవరి సరుకు కొరకు అని అడిగిన, రెండవ మూడవ ద్వారముల దగ్గర కొనువారు, అమ్మువారు అందరును నిలబడియున్నారు.

ప్రమాదము అను మాట

ఓడలు ఢీకొన్నను, బండి బోల్తాపడినను తెలుగువారు దానిని ప్రమాదము అందురు. ఆ మాట వినగానే, ఎవరి దోషమును లేకుండ దైవికముగా ఏదో జరిగినదని మనసుకు తోచును. జైనశాస్త్రములో ఆ మాటకు అర్థము అది కాదు. ప్రమాదమనగా ఏమరుపాటు. చూడవలసినది చూడకుండుట, తొందరపడుట, చిన్న సుఖము కొరకు జాగ్రత్తను వదలుట, ఇవి యన్నియు ప్రమాదమే. ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునప్పుడు ప్రాణహాని కంటె ముందుగా ఈ ఏమరుపాటునే పేర్కొన్నాడు. కనుక తెలుగు భాష తెలియకయే ఒక గొప్ప సత్యమును కాపాడుచున్నది. జరిగిన కీడుకు దాని కారణము పేరునే పెట్టి పిలుచుచున్నది.

సముద్రము మీద నూనె ఒలికిన సంఘటనలను పరిశీలించిన ఈ అర్థము ఎంత సరియైనదో తెలియగలదు. 1967 మార్చి 18వ తేదీన టోరీ కాన్యన్ అను పెద్ద నూనె ఓడ ఇంగ్లండు నైరుతి తీరమున రాతిగుట్టలకు తగిలి పగిలినది. అందులో లక్ష టన్నులకు మించిన ముడి నూనె ఉండెను. రేవులో పోటు వేళను అందుకొనవలెనన్న తొందరలో దగ్గరి దారి పట్టుటయే దానికి కారణము. 2020 జూలై 25వ తేదీన వాకాషియో అను ఓడ మారిషస్ దీవి పగడపు గట్టు మీదికి ఎక్కినది. అది తీరమునకు అంత చేరువగా వచ్చినది మొబైలు ఫోనుకు సంకేతము అందుట కొరకని తరువాత విచారణలో తేలినది. ఇంటివారితో మాటలాడవలెనన్న కోరిక పాపము కాదు. కాని ఆ కోరికకు జాగ్రత్తను బలియిచ్చుట చేత సుమారు వేయి టన్నుల నూనె పగడముల మీద పడినది.

2017 జనవరి 28వ తేదీ తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరమున, ఎన్నూరు కామరాజర్ రేవు వెలుపల, బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అను రెండు ఓడలు ఢీకొన్నవి. చిక్కని నూనె ఒలికి దక్షిణముగా తీరము పొడవున ప్రాకినది. మరల 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలలో మణలి పారిశ్రామిక ప్రాంతము నుండి నూనె కొట్టుకొనివచ్చి బకింగ్‌హాం కాలువ ద్వారా ఎన్నూరు కయ్యలో చేరినది. వరద దైవికము కావచ్చును. వరద వచ్చినప్పుడు నూనె బయటపడకుండ కట్టుదిట్టము చేయుట మాత్రము మనుష్యుని పని. శ్రావకుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణ వ్రతము ఒకటి. ప్రయోజనము లేని హింసను విడచుట దాని తాత్పర్యము. ఆ అనర్థదండ భేదములలో ఏమరుపాటుతో కూడిన నడతను కూడ పెద్దలు చేర్చియున్నారు. ఒలికిన నూనె ఓడకు ఉపయోగపడలేదు, వర్తకునికి ఉపయోగపడలేదు. అంతకు మించిన అనర్థము వేరొకటి లేదు.

రెక్కకు అంటిన నూనె చేయు పని

పక్షి రెక్కలోని ఈకను దగ్గరగా చూచిన, సన్నని పోగులు కొక్కెములవలె ఒకదానినొకటి పట్టుకొనియుండును. మగ్గము మీద దగ్గరగా నేసిన గుడ్డవలె ఆ అల్లిక నీటిని లోనికి రానీయదు. ఆ అల్లిక క్రింద నిలిచిన గాలి పక్షి దేహమునకు వెచ్చదనము నిచ్చును. నూనె తగిలినప్పుడు ఆ పోగులు ముద్దకట్టి అల్లిక విడిపోవును. చన్నీరు చర్మమునకు తగులును. పక్షి వణకును, తేలలేదు, ఎగురలేదు, మేత వెదకలేదు. తన అలవాటు చొప్పున ముక్కుతో ఈకలను దిద్దుకొనును. అప్పుడు ఆ నూనె కడుపులోనికి పోయి పేగులను, కాలేయమును పాడుచేయును. ఈ విధముగా చలి, ఆకలి, విషము అను మూడును ఒకేసారి దానిని పట్టుకొనును. సముద్రపు తాబేలు గాలి కొరకు నీటిపైకి వచ్చినప్పుడు నూనెతెట్టులోనే తల యెత్తవలసి వచ్చును. కన్నులు, ముక్కు, నోరు నూనెతో మూసుకొనిపోవును.

ఎన్నూరులో 2023లో గూడబాతుల తెల్లని రెక్కలు నల్లబడియుండుట అందరును చూచినారు. ఆ ఎన్నూరుకు ఉత్తరముననే పులికాటు సరస్సు ఉన్నది. దాని దగ్గరి నేలపట్టు చెరువులో ఏటేట గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఆ పక్షులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. కనుక ఎన్నూరులో ఒలికిన నూనె ఏ పరాయివాని సంగతియో కాదు. తెలుగు పల్లెలు తమ బిడ్డలనుకొన్న జాతి మీద పడిన నూనె అది.

జ్ఞానము ముందు, దయ తరువాత

నూనె అంటిన పక్షిని చూచిన ఎవరికైనను మొదట కలుగునది దయ. వెంటనే పట్టుకొని కడుగవలెనని తోచును. ఇచటనే ఆగి ఆలోచింపవలెను. దశవైకాలిక సూత్రము జ్ఞానమును ముందు, దయను తరువాత ఉంచినది. తెలియనివాడు చేయు దయ హింసగా మారవచ్చునని దాని భావము.

1967లో టోరీ కాన్యన్ నూనెను కరిగించుటకు వేల టన్నుల రసాయన సబ్బులను సముద్రములో పోసినారు. ఉద్దేశము మంచిదే. కాని ఆ రసాయనములు నూనె కంటె ఎక్కువ విషమై, రాళ్ళను పట్టుకొని బ్రతుకు నత్తలను, గుల్లలను నాశనము చేసినవని తరువాత తెలిసినది. ఆ యేడు జనులు తెచ్చి కడిగిన వేలాది పక్షులలో బ్రతికినవి చాల కొద్ది. 1971 జనవరిలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు ముఖద్వారమున రెండు నూనె ఓడలు ఢీకొన్నప్పుడు జనులు సుమారు 4,300 పక్షులను తీరము నుండి ఏరి తెచ్చినారు. వాటిలో బాగుపడి తిరిగి సముద్రము చేరినవి సుమారు 300 మాత్రమే. దయకు కొరత లేదు. తెలివికే కొరత.

ఆ దుఃఖము నుండియే విద్య పుట్టినది. ఆలిస్ బర్క్‌నర్ అను నర్సు అదే 1971లో అంతర్జాతీయ పక్షిరక్షణ సంస్థను స్థాపించినది. అంతకు ముందే, 1968లో, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో ఆల్తియా వెస్ట్‌ఫాల్ అను స్త్రీ సముద్రపక్షుల కొరకు సాన్‌కాబ్ అను సంస్థను ప్రారంభించినది. వారును, వారివంటివారును ఏండ్ల తరబడి గమనించి ఒక క్రమమును ఏర్పరచినారు. పక్షిని తెచ్చిన వెంటనే కడుగరాదు. బెదరిన నీరసపు పక్షి ఆ కడుగుటలోనే ప్రాణము విడుచును. మొదట వెచ్చని చీకటి చోట ఉంచి, గొట్టము ద్వారా నీరు, పలుచని ఆహారము ఇచ్చి, శక్తి వచ్చువరకు ఆగవలెను. తరువాత సుమారు 40 డిగ్రీల వేడిగల నీటిలో, గిన్నెలు తోము ద్రవపు సబ్బు కలిపి, ఒకరు పట్టుకొనగా ఒకరు కడుగవలెను. నీరు నల్లబడగానే వేరు తొట్టిలోనికి మార్చవలెను. సబ్బు రవ్వంతయు మిగులకుండ మంచినీటి ధారతో తీయవలెను. వెచ్చని గాలిలో ఆరబెట్టి, కొలనులో విడిచి, ఈక మరల నీటిని ఆపుచున్నదని తెలిసినపిమ్మటనే సముద్రమునకు పంపవలెను. తాబేలు నోటిలోని నల్లనూనెను వంటనూనెతో మెత్తబరచి తుడిచి తీయుదురు.

ఉపగ్రహము అను మాట

నేటి తెలుగులో ఉపగ్రహమనగా ఆకాశమున భూమి చుట్టు తిరుగు యంత్రము. తత్త్వార్థసూత్రములో ఆ మాటకు ఉపకారము, ఆధారము అని అర్థము. జీవులు ఒకదానికొకటి ఆధారమగుటయే జీవుల ధర్మమని ఉమాస్వాతి బోధించినాడు. జైన చిహ్నము క్రింద ఆ భావమే వ్రాయబడియుండుట ప్రతి శ్రావకునికిని తెలిసినదే. ప్రమాదము వలన కలిగిన గాయమునకు ఉపగ్రహమే మందు. అది ఒక్కరి వలన అగు పని కాదు.

2000 జూన్ 23వ తేదీన ట్రెజర్ అను ఇనుపఖనిజపు ఓడ కేప్‌టౌను దగ్గర మునిగినది. దాని ఇంధన నూనె రాబెన్, డాసెన్ దీవులను చుట్టుముట్టినది. ఆఫ్రికా పెంగ్విను పక్షులు గుడ్లు పెట్టు కాలమది. సాన్‌కాబ్ సంస్థ పిలుపు అందుకొని అంతర్జాతీయ జంతుసంక్షేమ నిధి, అమెరికా పక్షిరక్షకులు, అనేక దేశముల పశువైద్యులు, వేలాది సామాన్య జనులు వచ్చి చేరినారు. నూనె అంటిన పక్షులు సుమారు 19,000. వాటిని ఉంచుటకు ఆసుపత్రి చాలక రైల్వే వారి పెద్ద షెడ్డును తీసికొన్నారు. ఇంక నూనె అంటని పక్షులు సుమారు 19,500 దీవులలో మిగిలియున్నవి. వాటిని అక్కడనే ఉంచిన నూనె తగులును. అందుచేత వాటిని బండ్లలో ఎనిమిది వందల కిలోమీటర్ల దూరమున పోర్ట్ ఎలిజబెత్ దగ్గరకు తీసికొనిపోయి సముద్రములో విడిచినారు. అవి ఈదుకొనుచు ఇల్లు చేరులోపల ఇచట నూనెను శుభ్రము చేసినారు. పీటర్, పమేలా, పెర్సీ అని పేరు పెట్టిన మూడు పక్షులకు చిన్న యంత్రములు కట్టి అవి ఎంతవరకు వచ్చినవో ఆకాశపు ఉపగ్రహముల ద్వారా చూచినారు. నూనె అంటిన పక్షులలో నూటికి తొంబదికి పైగా బాగుపడి తిరిగి సముద్రము చేరినవి.

1971లో 4,300కు 300, 2000లో నూటికి తొంబది. ఈ రెండు లెక్కల నడుమనున్న తేడాయే జ్ఞానముతో కూడిన సహకారము యొక్క ఫలము. లెక్క తెలిసిన వర్తకునికి ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇప్పుడు ఈ సంస్థలు నూనె ఒలికినపిమ్మట ఒకరినొకరు వెదుకుకొను స్థితిలో లేవు. బెల్జియము దేశపు సీ అలార్మ్ సంస్థ సమన్వయము చేయగా, దక్షిణాఫ్రికా, అమెరికా, బ్రెజిలు, ఇంగ్లండు, జర్మనీ, న్యూజీలాండు మొదలగు దేశముల సంస్థలు ఒక కూటమిగా ఏర్పడినవి. ఎక్కడ పిలుపు వచ్చినను నేర్పరులైనవారు బయలుదేరుటకు సిద్ధముగా ఉందురు. ఎవరి పని ఏది, ఎవరి మాట ఎవరు వినవలెను, పనిముట్లు ఎక్కడ ఉన్నవి అనునవి ముందుగానే నిర్ణయించుకొన్నారు. ఇంటికి నిప్పంటినపిమ్మట బావి త్రవ్వరాదను సామెత వారికి తెలియకపోవచ్చును గాని వారి నడత దానికి వ్యాఖ్యానమే.

మారిషస్‌లో 2020 ఆగస్టులో నూనె బయటికి వచ్చినప్పుడు పరదేశపు సహాయము చేరువరకు ఆ దీవివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చెరకు తోటల నుండి ఎండిన ఆకులు తెచ్చి, గుడ్డసంచులలో కూరి, పొడవుగా కుట్టి, నూనెకు అడ్డుకట్టలుగా నీటిలో పరచినారు. అన్ని మతములవారు, అన్ని భాషలవారు కలిసి కుట్టినారు. కోరంగి, విశాఖ తీరముల నుండి పూర్వము కూలిపనికి పోయి అచట స్థిరపడి నేటికిని ఉగాది చేసికొను తెలుగువారు కూడ ఆ దీవిలో ఉన్నారు. మారిషస్ వన్యప్రాణి సంస్థవారు దగ్గరి చిన్న దీవి నుండి అరుదైన మొక్కలను, పక్షులను తరలించినారు. కొన్ని అరుదైన బల్లులను బ్రిటిషు దీవులలోని జెర్సీ జంతుశాలకు విమానములో పంపి అచట కాపాడినారు. బల్లి కొరకు విమానమా అని నవ్వువారుందురు. జీవములన్నియు సమానమని చెప్పుకొను శ్రావకుడు మాత్రము నవ్వరాదు.

భారతదేశములో సముద్రముపై నూనె ఒలికినప్పుడు సమన్వయము చేయు బాధ్యత తీరరక్షక దళమునకు ఉన్నది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రమువారు గాలిని, ప్రవాహమును లెక్కించి నూనె ఏ తీరమునకు ఎప్పుడు చేరునో ముందుగా చెప్పుదురు. సముద్రము లేని తెలుగు నగరము సముద్రమునకు చేయుచున్న ఉపగ్రహము అది. సముద్రము కనబడని మంసాపురమునకు ఇది మంచి ఉదాహరణము. పక్షులను, తాబేళ్ళను పట్టి చికిత్స చేయు అధికారము అటవీశాఖది.

వీరందరికంటె ముందుగా ఎన్నూరులో నూనెను ముట్టినవారు వేరొకరు. 2017లో నూనె గడ్డకట్టి పంపులు లాగలేకపోయినప్పుడు తీరరక్షకులు, విద్యార్థులు, మత్స్యకారులు వరుసగా నిలబడి బకెట్లతో తోడినారు. 2023లో కయ్యలోని నూనెను తమ పడవల మీద నుండి చెంబులతో, డ్రమ్ములతో ఎత్తినవారు మత్స్యకారులే. చేపలు పట్టి బ్రతుకు జనమని శ్రావకుడు వారిని దూరముగా చూచుట కలదు. కాని ఆ దినములలో నీటిని, నీటిలోని జీవమును కాపాడుటకు చర్మము మండుచున్నను నిలిచినవారు వారు. అహింస ఒక్క కులమునకో ఒక్క మతమునకో వ్రాసియిచ్చిన ఆస్తి కాదని ఇందువలన తెలియవలెను.

ఒక కఠినమైన సందేహము

ఇచట కొందరు పెద్దలకు ఒక సందేహము కలుగును. దానిని దాచుట మంచిది కాదు. గూడబాతు చేపలు తిని బ్రతుకును. పెంగ్వినును చేపలే తినును. చేప కూడ పంచేంద్రియ జీవమే. ఒక పక్షిని బ్రతికించిన అది తన ఆయుర్దాయములో వేలాది చేపలను తినును. ఆసుపత్రిలో ఉన్నన్ని దినములు చేపలను తెచ్చి పెట్టవలెను. ఒక ప్రాణమును కాపాడి అనేక ప్రాణములను తీయించుట కాదా? శ్రావకుని ధనము దానికి పోవచ్చునా?

ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. పార్శ్వకుమారుని కథను తలచుకొనవలెను. కమఠుడను తాపసి పంచాగ్నుల నడుమ తపస్సు చేయుచుండగా, మండుచున్న కట్టెలో పాము ఉన్నదని పార్శ్వుడు గ్రహించి కట్టెను చీల్పించినాడు. పాము ఏమి తిని బ్రతుకునో ఆయనకు తెలియదా? కప్పలు, ఎలుకలు దాని ఆహారమని లోకమంతయు ఎరుగును. ఆయన దాని ఆహారమును విచారింపలేదు. దాని బాధను చూచినాడు. మంసాపురమునకు దక్షిణమున కళుగుమలై కొండరాతి మీద వేయి సంవత్సరములకు పైగా పడగ క్రింద నిలిచియున్న పార్శ్వప్రభువు శిల్పము ఆ కరుణనే నేటికిని చెప్పుచున్నది. ఆ కొండ పేరే గ్రద్దజాతి పక్షి పేరు.

మేఘకుమారుని పూర్వజన్మ కథ మరియొకటి. ఏనుగుగా ఉన్నప్పుడు అతడు అడవిలో చెట్లు పెరికి ఒక మైదానమును సిద్ధము చేసికొన్నాడు. కార్చిచ్చు వచ్చినప్పుడు సింహము, పులి, తోడేలు, జింక, కుందేలు అన్నియు అందులో చేరినవి. నీవు మాంసాహారివి కనుక మంటలోనికి పొమ్మని ఆ ఏనుగు దేనితోను అనలేదు. కాలి క్రింద చేరిన కుందేలు కొరకు ఎత్తిన పాదమును రెండున్నర దినములు దించలేదు. కష్టకాలమందు ఆశ్రయము అందరిదని ఆ కథ నేర్పుచున్నది.

ఇంకను వర్తకుని భాషలో చెప్పవలెనన్న ఇట్లు చెప్పవచ్చును. చేపను తినుట గూడబాతు పుట్టుకతో వచ్చిన కర్మము. అది దాని లెక్కలో వ్రాయబడును. దాని రెక్కకు నూనె అంటించుట మనుష్యుని కర్మము. అది మనుష్యుని లెక్కలో వ్రాయబడును. కనుక ఇది దానము కాదు, ఋణము తీర్చుట. అప్పు తీర్చు వర్తకుడు అప్పిచ్చినవానిని, ఈ సొమ్ముతో నీవు ఏమి కొనెదవు అని అడుగడు. అడుగు హక్కు అతనికి లేదు. బాకీ తీర్చుటయే అతని ధర్మము.

అయినను వ్రతనిష్ఠ గలవారి మనసు నొచ్చుకొననవసరము లేదు. ఢిల్లీలో ఎఱ్ఱకోట ఎదుటి జైనమందిరములోని పక్షుల ఆసుపత్రిలో ధాన్యము తిను పక్షులను లోపల ఉంచుకొని, మాంసము తిను పక్షులకు బయటనే చికిత్స చేసి పంపు ఆచారమున్నది. చికిత్సను మాత్రము నిరాకరింపలేదు. ఈ విధముగానే శ్రావకుడు తన ధనమును గుడ్డకు, సబ్బుకు, వేడినీటికి, తొట్లకు, మందులకు, రవాణాకు, శిక్షణకు ఇచ్చి, మేత సంగతిని ఆ పనికి ఏర్పడినవారికి వదలవచ్చును. గడ్డి మేయు సముద్రపు ఆవు విషయములోను, ఎదిగినపిమ్మట సముద్రపు గడ్డి, నాచు తిని బ్రతుకు పచ్చతాబేలు విషయములోను ఈ సందేహమే లేదు. ఏది ఎట్లున్నను, సందేహము సంచి మూతి బిగించుకొనుటకు సాకు కారాదు.

మంసాపురపు శ్రావకులు చేయగలిగినది

మొదటిది, ఇంటి ముందరి పని. ముని ఆచరించు ఐదు సమితులలో చివరిది ఉత్సర్గ సమితి. పారవేయవలసినదానిని ఏ జీవమునకును బాధ కలుగని చోట, చూచి పారవేయుట దాని అర్థము. లారీలు, మోటారు సైకిళ్ళు, మిల్లు యంత్రముల వాడిన నూనెను మురుగు కాలువలో పోసిన అది చెరువు చేరును. చెరువు కలుజు మీదుగా వాగు చేరును. వాగు నదిని, నది సముద్రమును చేరును. ఓడ నుండి ఒలికినదానికి పత్రికలలో పేరు వచ్చును. కాలువలో పోసినదానికి పేరు రాదు, అంతే తేడా. వాడిన నూనెను డబ్బాలలో పట్టి, ప్రభుత్వ అనుమతి గల శుద్ధి కర్మాగారములకే అమ్మవలెను. కుడువ చెరువులను ఎండగట్టుట వంటి పనులను శ్రావకునికి తగని పదునైదు కర్మాదానములలో పెద్దలు చేర్చినారు. చెరువును విషము చేయుట అంతకు తక్కువ పాపము కాదు.

రెండవది, తెలిసినదానితో చేయు సేవ. రాజపాళయము ప్రక్కనున్న ఛత్రపట్టిలో ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేయుదురు. నూనె అంటిన జీవిని పట్టుటకు, తుడుచుటకు, వెచ్చగా ఉంచుటకు మొదట కావలసినది మెత్తని శుభ్రమైన గుడ్డ. గుడ్డ వ్యాపారము, సబ్బు వ్యాపారము, గోదాములు, బండ్లు, ఇవి శ్రావకుల చేతిలోనివి. కేప్‌టౌనులో రైల్వే షెడ్డు పక్షులకు ఆసుపత్రి అయినట్లు, అవసరమునాడు ఒక గోదాము ఆసుపత్రి కాగలదు. సంఘములు అటవీశాఖతోను, తీరరక్షక దళముతోను ముందుగానే మాటలాడి, ఏ వస్తువు ఎంత కావలెనో, ఎవరికి అందింపవలెనో వ్రాసి ఉంచుకొనవలెను. ఉపద్రవము వచ్చిననాడు వెదకులాట ఉండరాదు.

మూడవది, యువకుల శిక్షణ. 2025 మే 25వ తేదీన కొచ్చి దగ్గర ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను ఓడ మునిగినది. ఓడవారు 24 మందియు బ్రతికినారు. అందులోని పెట్టెల నుండి బయటపడిన ప్లాస్టిక్ గుండ్లు కేరళ తీరము దాటి కన్యాకుమారికి, ధనుష్కోటికి కొట్టుకొనివచ్చినవి. సగ్గుబియ్యము వంటి ఆ గుండ్లను మేతయని చేపలు, పక్షులు మ్రింగును. ఇసుకను జల్లెడ పట్టి వాటిని ఏరినవారు సామాన్య జనులు. ఇట్టి పనికి పాండిత్యము అక్కరలేదు, ఓర్పు చాలును. పక్షిని ముట్టు పనికి మాత్రము శిక్షణ కావలెను. శిక్షణ లేనివాడు దానిని ముట్టక, అటవీశాఖకు కబురు చేసి, కుక్కలను జనమును దూరముగా ఉంచుటయే అతడు చేయగల గొప్ప దయ.

నాలుగవది, లెక్క. మహావీర నిర్వాణ దినమున, దీపావళినాడు, వర్తకుడు క్రొత్త ఖాతాపుస్తకమునకు పూజ చేసి మొదటి పుట తెరచును. అందులో ఓడకూలి, బండికూలి, సుంకము అన్నింటికిని పద్దులున్నవి. సముద్రమునకు పద్దు లేదు. సరుకు మోసిన నీటి పేరను, ఆ నీటిలోని జీవముల పేరను ఏటేట చిన్న మొత్తమైనను ఒక పద్దు వ్రాసి, దానిని సంఘనిధికి చేర్చిన, ఆపద వచ్చునాటికి నిధి సిద్ధముగా ఉండును. అది పుణ్యము కొరకు వ్రాయు పద్దు కాదు. బాకీ పద్దు.

క్షమాపణ అడుగుట సులభము. అడిగినవాడు మరునాడు అదే కీడు చేసిన ఆ క్షమాపణకు విలువ లేదు. గూడబాతుకు ప్రాకృతము తెలియదు, తాబేలుకు తెలుగు తెలియదు. మిచ్ఛామి దుక్కడం అను మాట వాటి చెవికి చేరదు. నూనె లేని నీరే వాటికి అర్థమగు భాష. ఆ భాషలో పలుకుటకు ప్రతి శ్రావక కుటుంబమును అప్రమత్తమై ఉండుగాక.

జయ జినేంద్ర.